నది వైపు గది

ఇల్లు చూసిన రోజునే కొనేద్దామన్నది మా అత్తయ్య. గదులు సరిగా చూడనైనా లేదు. వీధి తలుపులో అడుగుపెట్టి, నడవలోంచి తిన్నగా పెరట్లోకి వెళ్లి, చెప్పులు విడిచి మెట్ల మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టింది. మేము ఇల్లు అమ్మే ఆయనతో కుళాయిలూ కరెంటు మీటరూ చూసుకుని వచ్చేసరికి ఆవిడ పాదాల చుట్టూ చిట్టి చేపలు మూగి ఉన్నాయి. "నేనింక లేవను. మీరు మాట్లాడుకుని రండి" అంది.

అప్పటికి ఎండలు ముదరలేదు. నది సన్నగా, తేటగా పారుతోంది. పెరటి చివర ఒక నిమ్మచెట్టు, దాని పక్కన బట్టలారేసే తీగకి ఇనప స్తంభం, అవి దాటితే నీళ్లలోకి దిగే రాతి మెట్లు. నది వైపు గదికి పెద్ద కిటికీ. నీటి మీద పడ్డ వెలుగు ఆ గది పైకప్పు మీద కదులుతూ ఉంటుంది. నేను దాన్నే చూస్తూ నిలబడిపోయాను. మా ఆయన ఇళ్లకి రంగులు వేసే మనిషి కాబట్టి గోడ చూశాడు. కొత్తగా రంగు వేసిన గోడ. అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, "ఎవరండీ ఈ పని చేసింది? చెయ్యి తిరిగినవాడే" అని మెచ్చుకున్నాడు. అమ్మే ఆయన నవ్వి ఊరుకున్నాడు.

అత్తయ్య తన ఇల్లు అమ్మేసింది. మేము ఇన్నేళ్లుగా కూడబెట్టుకున్నది దానికి కలిపాం. వేసవి మొదట్లో సామాను లారీకెక్కించి వచ్చేశాం.

ఆ వేసవిని నేను తక్కువ చేసి చెప్పలేను. మేం ముగ్గురం అంత సంతోషంగా ఎప్పుడూ లేము. నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. పగలంతా ఎవరో ఒకరి ముక్కు మీద ఫ్రేము సరిచేస్తూ నిలబడే ఉద్యోగం. సాయంత్రం ఇంటికి రాగానే బ్యాగు ఓ మూల పడేసి నీళ్లలోకి దిగేదాన్ని. నలభై దగ్గర పడుతుండగా ఈత నేర్చుకున్నాను. మా ఆయన వీపు కింద చెయ్యి పెట్టి, "ఒళ్లు వదిలెయ్, నేను పట్టుకున్నాగా" అంటూనే ఎప్పుడో చెయ్యి తీసేశాడు. నాకు తెలియనే లేదు. అత్తయ్య గాలం వేసుకుని పై మెట్టు మీద కూర్చుని, చేపలన్నీ బెదిరిపోతున్నాయని మా ఇద్దర్నీ తిట్టేది. పడవల్లో వెళ్లేవాళ్లతో ఆవిడకి వారం తిరక్కుండా చుట్టరికాలు కలిసిపోయాయి. ఒకణ్ణి అల్లుడనేది, ఇంకొకాయన్ని అన్నయ్యగారనేది. కూతురు లేకుండా అల్లుడెక్కణ్ణుంచి వచ్చాడమ్మా అని మా ఆయన అడిగితే, నది ఇచ్చిందిరా అనేది. నది వైపు గది ఆవిడకే ఇచ్చాం.

పైన ఎక్కడో వానలు మొదలయ్యాయని నీళ్ల రంగు చూసే తెలిసింది. మాకింకా చినుకు పడలేదు, నది అప్పుడే ఎర్రబడింది. ఆ రోజుల్లోనే అత్తయ్య గది తలుపు పట్టేయడం మొదలైంది. చెమ్మకి చెక్క ఉబ్బి ఉంటుందని మా ఆయన తలుపు అంచు చిత్రిక పట్టాడు. నాలుగు రోజులు బాగానే ఉండి మళ్లీ నేలకి రాసుకుంది. మళ్లీ పట్టాడు. ఆ తర్వాతోసారి చిత్రిక చేతిలో పెట్టుకుని తలుపు ముందు అలాగే కూర్చుండిపోయాడు. తలుపు పై అంచుకీ గుమ్మానికీ మధ్య ఒకవైపు సందే లేదు, రెండోవైపు వేలు దూరేంత ఉంది. ఒరిగింది గుమ్మం.

లేచి కిటికీ మూలకి వెళ్లాడు. అక్కడ వెంట్రుకంత బీట. రంగు గీకే రేకు తీసి దాని మొనతో గీకాడు. పై రంగు కింద తెల్లటి లప్పం, దాని కింద పసుపు రంగు, దాని కింద మళ్లీ లప్పం, ఇంకా కింద ఇంకేదో రంగు. గీకేకొద్దీ బీట వెడల్పవుతోంది. చివరికి రేకు పిడిదాకా లోపలికి దిగిపోయింది.

"ఇది ఒక్కసారి పూడ్చింది కాదు" అన్నాడు.

అత్తయ్య మంచం మీద కూర్చుని చూస్తోంది. నేను పెరట్లోకి వెళ్లాను. ఇనప స్తంభం నది వైపు వంగి ఉంది. ఎప్పుడు వంగిందో ఎవరం గమనించలేదు. దాని తీగ మీద రోజూ బట్టలారేస్తూనే ఉన్నాను. పై మెట్టుకీ నేలకీ మధ్య ఒక గీత పడింది, చెయ్యి పెడితే చల్లటి గాలి తగులుతోంది.

తెలిసిన ఇంజనీరుని పిలిపించాం. ఆయన గట్టు కింద పొడుగాటి కర్రతో పొడిచి చూసి, నది అడుగునుంచి మట్టి తినేస్తోందని, రాళ్లు కట్టి ఆపే దశ దాటిపోయిందని చెప్పాడు. ముందు వెనక గది పోతుందట, తర్వాత మిగతా ఇల్లు. ఎప్పుడని అడిగితే, వచ్చే వరదకే కావచ్చు, ఇంకో ఏడాదైనా పట్టచ్చు అన్నాడు. ఆ గదిలో మాత్రం ఎవర్నీ పడుకోనివ్వద్దన్నాడు.

మా ఆయన ఇల్లమ్మిన మనిషిని వెతుక్కుంటూ వెళ్లాడు. చొక్కా చేతులు పైకి మడిచి మరీ పోట్లాటకి వెళ్లాడు. తిరిగొచ్చి వసారాలో కూర్చుంటే ఆ కోపమంతా ఏమైందో అర్థం కాలేదు. ఏమన్నాడని అడిగాను.

"'నేను కొన్నప్పుడు నాకెవరు చెప్పారు' అన్నాడు" అన్నాడు. "లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మరీ అన్నాడు."

వానలు తెరిపిచ్చి నీళ్లు కాస్త తగ్గగానే, మా ఆయన తన పనిముట్లన్నీ ఆ గదిలోకి చేరవేసుకున్నాడు.

ఆయన పని నేను ఎన్నో ఇళ్లలో చూశాను. అంత శ్రద్ధగా చేయడం ఎక్కడా చూడలేదు. బీట పొడుగునా తీగ వల కూర్చి, సిమెంటు ఎక్కించి, దాని మీద లప్పం పొర మీద పొర పట్టించి, ప్రతి పొరనీ ఆరనిచ్చి గరుకు కాగితంతో రుద్దాడు. గుమ్మం ఒరిగినట్టు తెలియకుండా తలుపు అంచుని దానికి తగ్గట్టు ఏటవాలుగా కోశాడు. ఆఖర్న లేత ఆకుపచ్చ రంగు. గోడ ఎక్కడ పగిలిందో తెలిసిన నేను కూడా వెతుక్కోవాల్సి వచ్చింది.

"చెప్పి అమ్ముదాం" అన్నాను.

"చెప్తే ఎవరు కొంటారు?"

"కొనకపోతే పోనీ."

రోలరు ఆపలేదు. "అమ్మ ఇల్లు కూడా ఈ గోడల్లోనే ఉంది. అది గుర్తుందా నీకు?"

అత్తయ్య నా వెనకే నిలబడి ఉంది. తన మాట రాగానే వెళ్లిపోబోయి ఆగింది.

"వాడు చెప్పినట్టు విను అమ్మాయ్. ఈ వయసులో మళ్లీ అద్దింట్లో, ఇంకొకళ్ల మొహం చూస్తూ బతకలేను" అంది. ఆవిడ ఏం చెప్పినా కళ్లలోకి చూసి చెప్పే మనిషి. ఆ మాట మాత్రం గోడకి చెప్పింది.

ఇల్లు చూడటానికి మొదట వచ్చింది ఒక నర్సమ్మ. ఆస్పత్రి ఉద్యోగం నుంచి కొత్తగా రిటైరైన మనిషి. పెద్ద గొంతు, భుజానికి పెద్ద సంచి. కళ్లజోడు కోసం మా దుకాణానికి వచ్చేది, నన్ను చూడగానే గుర్తుపట్టింది. "నువ్వు పెట్టిన కళ్లజోడుతోనే నీ ఇల్లు చూస్తున్నానన్నమాట" అని నవ్వింది. వాళ్లాయనకి ఊపిరితిత్తుల జబ్బట. మేడ మీద ఇరుకు గదుల్లో గాలాడక పొద్దస్తమానం కిటికీ దగ్గర నోరు తెరుచుకుని కూర్చుంటున్నాడట. నది గాలి తగిలితే ఇంకొన్నాళ్లు, అంటూ మాట మధ్యలో మింగేసింది.

ఆ రోజు ఎండ కాసింది, నది కూడా బుద్ధిగా ఉంది. మా ఆయన ముందు గదులన్నీ చూపించాడు. వంటగదిలో టీ కాస్తున్న అత్తయ్య గిన్నె మీంచి కళ్లెత్తలేదు. నది వైపు గది తలుపు తీయగానే నర్సమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. పైకప్పు మీద వెలుగు ఆడుతోంది. గోడ వంక చూడనే లేదావిడ. తిన్నగా కిటికీ దగ్గరకి వెళ్లి, తల బయటపెట్టి, వాళ్లాయన బదులు తనే పీల్చి చూస్తున్నట్టు గుండెల నిండా గాలి పీల్చుకుంది. తర్వాత ఇటు తిరిగి, చేతులు చాపి నేల మీద కొలత చూసుకుంది.

"మంచం ఇక్కడ వేస్తాను. తల ఇటు పెడితే పడుకునే నీళ్లు చూడచ్చు."

"వేసుకోవచ్చండి" అన్నాడు మా ఆయన. గొంతు మామూలుగానే ఉంది.

"ఈ గదిలో వద్దండి" అన్నాను.

నర్సమ్మ నా వైపు తిరిగింది. "ఏం, ఎండ పడుతుందా?"

"లేదండి. ఈ గోడ కదులుతోంది."

వంటగదిలో గిన్నె దించిన చప్పుడు వినపడింది. మా ఆయన కిటికీ అంచు మీద చెయ్యి వేసి బయటికి చూస్తున్నాడు. నేను గోడ మూల చూపించాను. గట్టు సంగతి, ఇంజనీరు అన్న మాట, అన్నీ చెప్పాను. వింటున్నంతసేపూ ఆవిడ సంచిని రెండు చేతులతో గుండెలకి ఆనించుకుని ఉంది. అంతా అయ్యాక మా ఆయన వంక ఓసారి చూసి, "టీ వద్దులెండి" అని మాత్రం అని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

కేకలు పడతాయనుకున్నాను. పడలేదు. మా ఆయన గది తలుపు దగ్గరగా వేసి, బండి తీసుకుని పనికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట మానేశాడు. అత్తయ్య మాట మానలేదు గానీ నేరుగా చెప్పడం మానేసింది. ఏం చెప్పాలన్నా గాలపు కర్రతో చెప్పేది. కూరలో ఉప్పు ఎక్కువైతే, "చూశావటే, ఇవాళ మనం సముద్రం చేపలు పట్టినట్టున్నాం" అనేది దానితో. నవ్వొచ్చేది, నవ్వడానికి ధైర్యం చాలేది కాదు. ఆవిడ మంచం ఇంజనీరు చెప్పిన రోజే ముందు గదిలోకి, నా మంచం పక్కకే మార్చేశాం. చెయ్యి చాపితే అందేంత దూరంలో పడుకుని, పగలంతా ఎడమొహం పెడమొహంగా తిరిగేవాళ్లం. నేను చేసింది తప్పని ఒక్కరోజు కూడా అనిపించలేదు. అయినా దుకాణంలో ఏ ముసలావిడ వచ్చి నా ముందు కూర్చున్నా, చెవుల వెనక ఫ్రేము సర్దుతూ ఆవిడ కళ్లలోకి చూడలేకపోయేదాన్ని.

నీళ్లు మళ్లీ పెరుగుతున్న రోజుల్లో ఓ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి వసారాలో మాకు అక్కర్లేనన్ని టీ కప్పులు కనపడ్డాయి. ఎవరొచ్చారని అడిగితే మా ఆయన బ్రష్షులు కడుగుతూ తల కూడా ఎత్తలేదు. అత్తయ్య గాలపు కర్రకి చెబుతుంటే విన్నాను. ఎవరో బట్టల వ్యాపారి, ఇల్లు బాగా నచ్చిందట, ఆదివారం పెళ్లాం పిల్లలతో వచ్చి మాట ఖాయం చేసుకుంటాడట.

"గోడ సంగతి చెప్పావా?" అన్నాను మా ఆయనతో.

ఆయన ఇంకో బ్రష్షు నీళ్లలో ముంచాడు.

"ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను."

ఆయన బ్రష్షు విదిలించాడు. నీళ్లు నా పాదాల మీద పడ్డాయి. కావాలని చేసింది కాదు. అయినా అయ్యో అనలేదు, నేనూ పక్కకి జరగలేదు.

ఆ వారమంతా ముగ్గురం ఆదివారం కోసం ఎదురుచూశాం, ఎవరి భయం వాళ్లది. అన్నం దగ్గర కంచాల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. వెనకనుంచి నది హోరు మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది. మాటలు లేని ఇంట్లో అది మరీ దగ్గరగా వినపడేది.

శుక్రవారం పొద్దున్నుంచి వాన ఆగలేదు. బస్సులు నిలిచిపోతాయేమోనని దుకాణం మధ్యాహ్నానికే మూసేశారు. నేను తడుస్తూ మా వీధి మలుపు తిరిగేసరికి మా ఇంటికి వీధి తలుపు లేదు. ఊడదీసి గోడకి ఆనించి ఉంది. దాని పక్కన వంటగది తలుపు, ఆ పక్కన స్నానాలగది తలుపు. అత్తయ్య గొడుగు పట్టుకుని, సామాను ఎక్కించిన తోపుడుబండి పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి నాతోనే మాట్లాడింది.

"నిమ్మచెట్టు పోయింది. నిలబడి ఉన్నట్టే ఉండి నీళ్లలోకి దిగిపోయింది. వాడు లోపల కిటికీ ఊడదీస్తున్నాడు. నేను పిలిస్తే రావట్లేదు. నువ్వు పిలువమ్మా."

నడవలోంచి పరుగెత్తాను. పెరడు లేదు. స్తంభం లేదు, మెట్లు లేవు. నది వైపు గది గుమ్మంలోంచి చూస్తే కిటికీ అవతల అంతా ఎర్రటి నీళ్లే. ఆకుపచ్చ గోడ మీద ఆయన పూడ్చిన చోటే పైనుంచి కిందిదాకా పగిలి, లోపలి తీగ వల బయటపడి ఉంది. ఆయన కిటికీ అద్దాల రెక్కలు తీసేసి, స్టూలు మీద నిలబడి చట్రం మేకులు ఊడబెరుకుతున్నాడు.

"వచ్చెయ్" అన్నాను.

మేకు లాగుతూనే ఉన్నాడు.

"అది పోతే పోనీ. వచ్చెయ్."

"ఇంకొక్క మేకు" అన్నాడు. అన్నాళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. "మంచి చెక్క ఇది."

ఆయన మొహం చూశాక, చెయ్యి పట్టుకుని లాగినా రాడని అర్థమైంది. గదిలోకి వెళ్లి చట్రాన్ని రెండోవైపు పట్టుకున్నాను. వంతెన మీద లారీ పోతుంటే వణికినట్టు కాళ్ల కింద నేల వణుకుతోంది. ఆయన నా వంక చూశాడు. పొమ్మనలేదు. మేకు ఊడింది. చట్రం బరువంతా మా నాలుగు చేతుల మీద పడింది. పక్కకి తిప్పి, గుమ్మం దాటించి, నడవలో పడ్డాం. వీధిలో దించేదాకా ఎవరం వెనక్కి చూడలేదు.

గది పోయినప్పుడు నేను భయపడ్డంత చప్పుడు రాలేదు. బియ్యం బస్తా జారినట్టు ఒక శబ్దం, అంతే. తర్వాత నడవ చివర, ఎప్పుడూ చీకటిగా ఉండే చోట, తెల్లటి వెలుతురు కనపడింది. వీధిలో నిలబడి మా ఇంటి మధ్యలోంచి అవతలి ఒడ్డు చూశాం. వానలో ఎవరో పడవని పైకి లాక్కుంటున్నారు. అత్తయ్య కళ్లు చికిలించి చూసి, "మా అల్లుడే" అంది. ఆ తర్వాత ఏడ్చింది. మా ఆయన గొడుగు తీసుకుని ఆవిడ నెత్తిన పట్టాడు.

బట్టల వ్యాపారి ఆదివారం వచ్చి, వీధిలోంచే చూసి, కారు తిప్పుకుని వెళ్లిపోయాడని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికి మేము బజారు వీధిలో ఇస్త్రీ దుకాణం మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. తలుపులూ కిటికీలూ మెట్ల కింద పేర్చాం. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ మోకాళ్లు కొట్టుకుని మమ్మల్ని తిట్టుకునేవాళ్లు. అత్తయ్య అద్దింటికి అలవాటు పడనని భీష్మించుకుని, రోజూ గాలపు కర్ర పట్టుకుని బస్సెక్కి పెద్ద వంతెన దగ్గరకి వెళ్లడం మొదలుపెట్టింది. కండక్టరు గొడవ చేస్తే కొక్కేనికి బిరడా గుచ్చి ఎక్కేది. ఓ రోజు వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది.

"ఆ రోజు టీ కాస్తూ, నువ్వు చెప్పేస్తావేమోనని భయపడ్డాను" అంది, నా కళ్లలోకి చూస్తూ. "చెప్పవేమోనని కూడా భయపడ్డాను." నేనేమీ అనేలోపే మెట్లు దిగిపోయింది.

వానలు వెనకబడ్డాక నర్సమ్మ దుకాణానికి వచ్చింది. కళ్లజోడు వదులైందంది గానీ వచ్చిన పని అది కాదు. నదికి దూరంగా, మిట్ట మీద ఒక పాత ఇల్లు కొన్నదట. గాలి బాగానే వస్తోందట, తలుపుల్నే చెదలు తినేశాయట. మీ తలుపుల సంగతి విన్నానమ్మా అంది. ఆ బేరమేదో ఆవిడా మా అత్తయ్యా కూర్చుని తేల్చుకున్నారు. ఇద్దరి గొంతులూ కింద ఇస్త్రీ దుకాణందాకా వినపడ్డాయి. నర్సమ్మ ఎదురుగా ఉన్నంతసేపూ మా ఆయన తల వంచుకునే ఉన్నాడు. కొలతలకి ఎప్పుడు రమ్మంటారని మాత్రం అడిగాడు.

తలుపులు బిగించే రోజు నేనూ వెళ్లాను, పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి కాబట్టి. మా వీధి తలుపు వాళ్ల ముందు గదికి సరిపోయింది. నేను నిలబెట్టి పట్టుకుంటే ఆయన మోకాళ్ల మీద కూర్చుని కింది బందు బిగిస్తున్నాడు. పెదాల మధ్య మరలు పెట్టుకుని ఉన్నాడు. కాసేపటికి వాటిని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఆ బట్టలాయన" అన్నాడు, తల ఎత్తకుండా. "ఇల్లు ఉండగానే వచ్చాడనుకో. నువ్వు కూడా ఇంట్లో లేవనుకో. నేను చెప్పేవాణ్ణంటావా?"

చెప్పేవాడివే అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆయనకి కావలసింది అదేనని నాకు తెలుసు. తలుపు బరువు నా భుజం మీద ఉంది.

"తెలీదు" అన్నాను.

ఒక మర బిగించాడు. ఇంకోటి బిగించాడు.

"నాకూ తెలీదు" అన్నాడు.

లోపలి గదిలోంచి దగ్గు వినపడింది. అది తెరలు తెరలుగా వచ్చి తగ్గాక, సన్నటి మగ గొంతు. "ఎవరండీ అక్కడ? ఆ తలుపు కాస్త అడ్డు తీస్తారా? గాలి రావట్లేదు."

పై బందు ఇంకా పడలేదు, వదిలేస్తే తలుపు ఒరిగిపోతుంది. ఆయన లేచి రెండోవైపు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి దాన్ని బార్లా తెరిచి, మంచం మీదున్న నర్సమ్మ వాళ్లాయన చాలునండీ అనేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాం.